కదిలితే నీళ్ళకి, కదలకపోతే ఇంటికి

మసేను తల నిండా తెలివే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, మసేనే అన్నాడు. తమ్ముడు ఎల్లాజీ ఔనన్నాడు. ఇద్దరు ఒప్పుకున్నాక మూడో సాక్ష్యం ఎందుకు?

తుఫాను వెలిసిన పొద్దున చూస్తే వాళ్ళ పడవ లేదు. కెరటాలు తాడు తెంపి పట్టుకుపోయాయి. ఆ ఇంటికి గంజి పోసేది ఆ పడవొక్కటే. వాళ్ళ మామ్మ పైడమ్మకి గుండె చెరువైంది.

"ఒరే, ఒడ్డంతా ఎతకండి. దారిలో ఏటి కనబడినా, కదిల్తే నీటిలో ఒగ్గీండి, పాపం జీవాలు. కదలకపోతే ఇంటికి అట్టుకొచ్చీండి, పొయ్యిలోకైనా పనికొత్తాయి" అంది.

"ఇంత సిన్న పనికి మా అంత తెలివెందుకే!" అంటూ బయల్దేరాడు మసేను.

ఒడ్డున ఓ పెద్ద తాబేలు, అలిసిపోయి కళ్ళు మూసుకుని పడుంది. కదల్లేదు. ఇంటికి మోశారు. గుమ్మంలో కాళ్ళాడించింది. సముద్రానికి మోశారు. సగం దారిలో ఆగింది. మళ్ళీ ఇంటికి! నాలుగోసారి దానికే విసుగొచ్చి నీళ్ళ దగ్గర కదిలింది, బతికిపోయింది.

తర్వాత ఓ శంఖం. కదల్లేదని మసేను లుంగీలో దోపుకున్నాడు. అందులోంచి పీత బయటికొచ్చి తొడ పట్టుకుంది. ఇంకేముంది! మసేను గెంతాడు, లుంగీ కదిలింది. కదిలింది కాబట్టి లుంగీని నీళ్ళలో వదిలేసి, నిక్కరుతో ముందుకి నడిచాడు.

ఇసకతిన్నె మీద సైన్సు మేష్టారు, తుఫానుకి కొట్టుకొచ్చిన కొత్త పిట్టని చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"అన్నియ్యా, ఈయన సంవుద్రంలోంచి వచ్చాడేటి?"

"ఒడ్డున ఉన్నాడు, కదల్డంలేదు. ఎత్తరా!"

"ఒరే, నేనురా, మేష్టార్ని!" అని ఆయన గిలగిల్లాడారు. అంతే! మొలలోతు నీళ్ళలో మునిగి లేచారు.

అప్పుడు కనబడింది పడవ. సరుగుడు తోట దగ్గర, ఒడ్డు నీళ్ళలో, చెక్కుచెదరకుండా ఉంది. ఎల్లాజీ సంతోషంతో కేకేశాడు. "మన పడవే! మామ్మ బతికింది!"

మసేను చెయ్యి అడ్డం పెట్టాడు. పడవ అటూ ఇటూ ఊగుతోంది. "కదుల్తంది రా."

ఎల్లాజీకి ఏడుపొచ్చింది. అయినా మాటంటే మాటే. ఇద్దరూ కలిసి లోపలికి తోసేశారు.

ఇంతలో పైడమ్మ రొప్పుతూ వచ్చింది. "దొరికిందేట్రా?"

"దొరికింది. ఒగ్గీసాం."

ఆ మాటకి మామ్మ కొయ్యబారిపోయింది. "కదల్దు రా," అన్నాడు మసేను. ఇద్దరూ ఎత్తుకుని ఇంటిదారి పట్టారు. పదడుగులు వేశారో లేదో ముసలమ్మ తేరుకుని కాళ్ళూ చేతులూ ఝాడించింది. ఇంకేముంది, గిర్రున వెనక్కి తిరిగారు. మామ్మ కెరటంలో పడింది.

గంగమ్మ ఒళ్ళో పెరిగిన మనిషి కదా, నాలుగు బారలు ఈది పడవ అందుకుంది. ఎక్కి, తెడ్డు వేసి ఒడ్డుకి తెచ్చింది. నీళ్ళోడే మొహం నిండా నవ్వే. "దక్కింది రా నా తల్లి! తాడట్టుకోండి!"

మసేను తేరిపార చూశాడు. పడవ కదులుతోంది. లోపల మామ్మ మరీ కదులుతోంది.

అంతే! అన్నదమ్ములు ఊపిరి బిగించి మళ్ళీ తోశారు. మామ్మ తిట్లు మాత్రం కెరటాల మీదుగా ఒడ్డుకి వస్తూనే ఉన్నాయి.

మసేను చేతులు దులుపుకున్నాడు. "తెలివంటే ఇదిరా తమ్ముడూ. ఒక్క తోపుకి రెండు!"