మూడో పిలక

జిలానీ చేతిలో రెండో పిలక కూడా చచ్చిపోయింది.

అతను రాయచోటిలో గడియారాలు బాగుచేస్తాడు. ఏది ఆగిపోయినా మూత తీసి లోపల చూస్తే గాని మనసు కుదుటపడదు. పదకొండేళ్లుగా సూఫీ గురువు హజ్రత్ అన్వరుల్లాకు శిష్యుడు. గురువారం మధ్యాహ్నం దుకాణం మూసి ఆయన ఇంటికి వెళతాడు.

హజ్రత్ ముంగిట్లో ఒక సైకస్ చెట్టు ఉండేది. పొట్టి ఈతచెట్టులా కనిపించేది. ఆయన గురువు నాటిన చెట్టు. కిందటేడు తుఫాను వానలకు చెట్టు మొదలు చుట్టూ నీళ్లు నిలిచి, కాండం లోలోపలే కుళ్లింది. ఆకులు వాలాక గాని ఎవరికీ తెలియలేదు. మొదలు పక్కన నారింజకాయంత పిలకలు మూడు మాత్రం మిగిలాయి.

మొదటి పిలకను హజ్రత్ కత్తితో విడదీసి జిలానీకి ఇచ్చారు. "ఇంటికి తీసుకుపో. బతికించు."

జిలానీ పొంగిపోయాడు. ఆ పూటే కుండీలో ఎర్రమన్ను, పేడ ఎరువు నింపి నాటాడు. ఉదయం, సాయంత్రం నీళ్లు పోశాడు. ఇరవై రోజులకు నొక్కి చూస్తే వేలు లోపలికి దిగింది. కోసిన చోటు పచ్చి ఆరకముందే తడిమన్నులో పెట్టాడు. అక్కడినుంచే కుళ్లింది.

రెండోదానికి నర్సరీ వాళ్లను అడిగి మరీ మొదలుపెట్టాడు. ఆకులు కత్తిరించాడు. కోత ఆరేదాకా పది రోజులు నీడలో ఉంచాడు. ఇసుకలో సగం వరకు పాతి, ఇసుక బాగా ఆరాకే నీళ్లు చల్లాడు. అంతా సరిగ్గానే చేశాడు. నెల గడిచింది. రెండో నెలా గడిచింది. ఆకు లేదు, కదలిక లేదు. రాయిలా కూర్చుంది. బతికుందా? ఎట్లా తెలుస్తుంది?

మూడో నెలలో పైకి తీసి చూశాడు. మళ్లీ పాతాడు. ఆ తర్వాత వారం వారం తీశాడు. చివరికి అది ఎండిన నిమ్మకాయలా తేలికైపోయింది.

దాన్ని రుమాల్లో కట్టుకుని హజ్రత్ దగ్గరికి వచ్చాడు. పూలమ్మే బీబీజాన్ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. ఆమె కూడా ఆయన శిష్యురాలే. ఏ కొమ్మ గుచ్చినా బతుకుతుందని పేరు. మూడో పిలక ఆమెకే ఇస్తారని అందరూ అనుకుంటున్నారు.

"ఏమైంది?" అన్నారు హజ్రత్.

"వేరు వచ్చిందేమోనని తీసి చూశాను, హజ్రత్."

జిలానీ తల దించుకుని, తిట్లకు సిద్ధపడ్డాడు.

హజ్రత్ ముందుకు వంగారు. "వచ్చిందా?"

"వచ్చింది."

"ఎట్లా ఉండింది?"

జిలానీ తలెత్తాడు. ఆయన నిజంగానే అడుగుతున్నారు.

"చెప్పు. నలభై ఏళ్లు ఈ చెట్టుకు నీళ్లు పోశాను. మొదటి వేరు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

"తెల్లగా ఉండింది. బియ్యపు గింజంత. కోత నడుమ నుంచి కాదు, అంచు నుంచి వచ్చింది."

"అంతకు ముందు వారం?"

"అక్కడ చిన్న బుడిపె ఉండింది. ఏమిటో తెలియక గోటితో గీకాను."

"వేరును ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను. విరిగిపోయింది."

హజ్రత్ లేచి, కత్తి తీసుకుని మోడు పక్కన కూర్చున్నారు. మూడో పిలకను మెల్లగా విడదీశారు. కోతను పొడిగుడ్డతో తుడిచి, జిలానీ ముందు పెట్టారు.

జిలానీ వెనక్కి జరిగాడు. "వద్దు హజ్రత్. ఇదొక్కటే మిగిలింది. బీబీజాన్‌కు ఇవ్వండి. ఆమె నాటింది ఏదీ చావలేదు."

"అదే మరి. ఎట్లా చస్తుందో ఆమెకు తెలియదు. నీకు తెలుసు."

బీబీజాన్ నవ్వి, పిలకను ఎత్తి అతని చేతిలో పెట్టింది.

తర్వాత ప్రతి గురువారం హజ్రత్ అడిగేవారు. "వేరు వచ్చిందా?"

మొదట్లో ఆ ప్రశ్న వింటే జిలానీ వేళ్లు దురదపెట్టేవి. ఇంటికెళ్లి కుండీ ముందు కూర్చునేవాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఇసుకను చూసేవాడు. కొన్నాళ్లకు అట్లా చూడటమే అతనికి బాగుండేది.

"తెలియదు, హజ్రత్," అనేవాడు.

ఎండాకాలం పోయింది. వానలు వచ్చాయి. కుండీని వసారాలోకి జరిపాడు. అంతకు మించి దాన్ని ముట్టుకోలేదు.

తొమ్మిదో నెలలో ఒక గురువారం హజ్రత్ మళ్లీ అడిగారు. "వేరు వచ్చిందా?"

"వేరు సంగతి ఇప్పటికీ తెలియదు, హజ్రత్. చిగురు వచ్చింది."

ఏ శిష్యుడి ఇంటికీ వెళ్లని హజ్రత్ చెప్పుల కోసం వెతికారు.

"పద, చూసొద్దాం."