తడి తగలని జాడీ

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు. పోయినసారి అలా లేచినవాడు గుమ్మం దాటకుండానే వెనక్కి వచ్చి, మొదటినుంచి చెప్పమని కాళ్ళు పట్టుకున్నాడు. ఆ తర్వాత మీ ఇష్టం.

ఒక కొండగుహలో ఒక రాక్షసుడు ఉండేవాడు. అతను తుమ్మితే ఏడు ఊళ్ళ ఇంటిపెంకులు లేచి, పక్క ఏడు ఊళ్ళ ఇళ్ళమీద చక్కగా సర్దుకునేవి. అంతటివాడికీ ఒక భయం ఉంది. అది రాక్షసరాజు.

రాజుకి ఏటా ఒక జాడీడు మనుషుల ఆవకాయ కావాలి. "అమావాస్యకి జాడీ నిండకపోతే అందులోకి నువ్వే దిగాలి" అనేవాడు.

ఆవకాయకి తడి తగిలితే బూజు పడుతుంది. ఆ జాడీకి ఇంకో మహిమ కూడా ఉంది. అందులో ఉన్నవాడి కోసం లోకంలో ఎక్కడ ఎవరు ఏడ్చినా, ఆ చుక్క వచ్చి జాడీలోనే పడుతుంది. అందుకే రాక్షసుడు ఏడ్చే దిక్కు లేనివాళ్ళనే ఏరి తెచ్చేవాడు.

ఆ ఏడాది ముగ్గురు దొరికారు. పదకొండు ఊళ్ళతో పోట్లాడి గెలిచిన ముసలమ్మ, నడుస్తున్న గుర్రం కాలి నాడాలు ఊడబెరికిన దొంగ, పదిమందిని ఉరి తీసి పదకొండోవాడి దగ్గర తాడు వదిలేసిన తలారి. ముక్కలు ఆరాలి కదా అని ముగ్గుర్నీ గుహ ముందు ఎండలో కూర్చోబెట్టాడు.

ముసలమ్మ కూర్చోలేదు. "ఆవపిండి ఇలాగేనా కొట్టేది? మీ అమ్మ నేర్పలేదట్రా?"

"నాకు అమ్మ లేదు" అన్నాడు రాక్షసుడు.

"అదీ సంగతి. రోకలి ఇటు తే. ముందు మామిడికాయతో రుచి చూసుకో, మమ్మల్ని తర్వాత వేసుకుందువుగాని."

దొంగ మూడు తోటలు ఖాళీ చేసుకొచ్చాడు. తలారి ముక్కలు కొట్టాడు; ఎన్నాళ్ళకో చెయ్యి వణకలేదు. కలిపిన బేసిన్లో అంటుకున్న కారంలో ముసలమ్మ వేడన్నం వేసి, నూనె పోసి, అందరికీ చేతిలో ముద్దలు పెట్టింది. రాక్షసుడి అరచేయి వడ్లు నూర్చే కళ్ళమంత ఉంది. ముద్ద ఎక్కడ పడిందో వెతుక్కోవడానికే పూట పట్టింది. దొరికాక నోట్లో వేసుకుని, ఇంకో ముద్దకి చెయ్యి చాపాడు.

తొమ్మిది రోజులు అలాగే ముద్దలు తిన్నారు. పదో రోజు అమావాస్య.

పొద్దున్నే ముసలమ్మని జాడీలోకి దించాడు. అడుగున తడి. తీసి, తుడిచి, దొంగని దించాడు. తడి. తలారిని దించినా తడే.

"ఏడ్చేవాళ్ళు లేరన్నారు కదరా!" అని గర్జించాడు.

"ఒట్టు, ఒక్కరూ లేరు" అన్నాడు దొంగ.

"ముందు నీ మొహం తుడుచుకోరా" అంది ముసలమ్మ.

రాక్షసుడు చెంప తడుముకున్నాడు. వేలికి అంటినది ఏమిటో అతనికి తెలియలేదు.

మిట్టమధ్యాహ్నం రాజు వచ్చాడు. ఖాళీ జాడీ చూశాడు, సంతోషించాడు. "నీకోసం ఏడ్చేవాడు ఇంకా పుట్టలేదు. నీ పచ్చడి ఏడేళ్ళు నిలవుంటుంది." జాడీ అడుగు పొడిగా తుడిచి, రాక్షసుణ్ణి లోపలికి తోసి, మూతి మీద గుడ్డ వాసెన కట్టి, పైన కూర్చున్నాడు.

లోపల పొడిగా ఉంది. రాజు మాట నిజమే అనుకుని రాక్షసుడు కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు నెత్తిమీద ఒక చుక్క పడింది. చప్పుడు లేదు, అది దొంగది. రెండోది వణుకుతూ పడింది. ఆ తర్వాత పడినవి చుక్కలు కావు, కుండపోత. బయట ముసలమ్మ ఏడుస్తూనే తిడుతోంది: "వెధవ, పొద్దున్న ముద్ద కూడా తినలేదు!"

జాడీ పొంగింది. వాసెన చిరిగింది. రాజు ఆ వెల్లువలో మూడు నదులు దాటి సముద్రంలో పడ్డాడు. ఇంకా ఒడ్డు చేరలేదు. రాక్షసుడు మాత్రం నీటితోపాటు పైకి తేలి, నేరుగా ముసలమ్మ కాళ్ళ దగ్గర ఆగాడు.

సాక్ష్యం కావాలా? ఆ గుహకి వెళ్ళండి. ఆ జాడీని ఎన్ని ఎండల్లో పెట్టినా అడుగున తడి ఆరదు. తలుపు తీసేవాడికి రెండు కోరలుంటాయి, వాటి మధ్య తాడుమీద ముసలమ్మ చీర ఆరుతుంటుంది. రాక్షసుడా అని మాత్రం పిలవకండి, ఆవిడ ఊరుకోదు. ఆవిడ పెట్టిన పేరు చిట్టెయ్య.