గద్దె దిగిన చౌడప్ప

అనగనగా, పిల్లలూ, పత్తికాయ పగిలిందంటే ఊరంతా పండగ చేసుకునే కాలంలో, నూలుకొండ అనే రాజ్యం ఉండేది. ఆ రాజుగారికి ఒక నేతశాల. అందులో నలభై మగ్గాలు. నేలలో గుంట తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చుని నేసే మగ్గాలన్నమాట. టకటకా టకటకా! వింటే, వాన పడుతోందేమో అనిపించేది.

ఆ నలభై మందిలో మేటి చౌడప్ప. రాజు మెచ్చి అతన్ని శాలపెద్దను చేసి, ఎత్తుగద్దె మీద కూర్చోబెట్టాడు. బాగానే ఉంది కదా? ఉండండి మరి. ఆ శాలకో ఆచారం ఉంది. గద్దె ఎక్కినవాడి కాలు మళ్లీ గుంటలో పడకూడదు.

నిన్నటిదాకా పక్క మగ్గం దేవలయ్య, "ఏం బావా, తెగింది పోగా, పరువా?" అని వేళాకోళం ఆడేవాడు. మర్నాటి నుంచి "చిత్తం, అయ్యగారూ" అన్నాడు. చౌడప్ప దగ్గితే చాలు, నవ్వులు ఆగిపోయేవి. మధ్యాహ్నం అందరూ ఒకచోట చేరి కూరలు పంచుకుంటుంటే, తను గద్దె మీద ఒక్కడే మూట విప్పుకునేవాడు. కూర ఎంత బాగున్నా, "బాగుందిరా" అని చెప్పుకోడానికి మనిషి లేకపోతే ముద్ద దిగుతుందా?

అలా ఉండగా, రాజమాతకు మూడు వెడల్పాటి దుప్పట్లు కావాలని కబురొచ్చింది. వెడల్పు బట్టకి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నాడె పేకదారాన్ని మోసుకుంటూ వస్తుంటే ఒకరు విసరాలి, ఒకరు అందుకోవాలి. ఆ పనిలో దేవలయ్యకీ అతని భార్య పుల్లమ్మకీ సాటి లేదు. కానీ పుల్లమ్మ కన్నుమూసి రెండు నెలలయింది. చౌడప్ప పెద్దకర్మ భోజనానికి వెళ్లాడు కూడా. ఆ తర్వాత మళ్లీ ఆ మాటెత్తలేదు. "ఒక్కణ్ణే నేస్తానయ్యగారూ" అన్నాడు దేవలయ్య. సరే అన్నాడు చౌడప్ప.

దేవలయ్య మొదటి దుప్పటి మొదలెట్టాడు. ఎడమ అంచు ముడతలు పడింది. చౌడప్ప గుంట గట్టు మీద నుంచే వంగి, దేవలయ్య చేతిలో నాడె లాక్కుని, నాలుగు పోగులు విసిరి, "ఇలాగ!" అని చూపించాడు. ఆ నాలుగు పోగులూ అద్దంలా వచ్చాయి. మిగతా దుప్పటి మళ్లీ ముడుచుకుంది.

రెండో దుప్పటికి పక్కన నిలబడి చెప్పాడు. పడుగు గురించి, పేక గురించి, ఏకాగ్రత గురించి, తన తాతగారి గురించి. పొద్దెక్కిందాకా చెప్పాడు. దేవలయ్య అన్నిటికీ "చిత్తం" అన్నాడు. రెండోదీ ముడుచుకుంది.

రాజుకి కోపం వచ్చింది. "మూడోది చెడితే అతన్ని మగ్గం దింపెయ్!" అన్నాడు. ఇల్లు ఖాళీ అయిన మనిషికి మగ్గం కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

ఆ మధ్యాహ్నం చౌడప్పకి ముద్ద దిగలేదు. గోడ మీద బల్లి ఒకటి తల తిప్పి చూసింది.

"చూపించావు, చెప్పావు. విన్నావా?" అంది.

"వినడానికి వాడేమన్నా మాట్లాడితే కదా!"

"గద్దె మీదకి వినపడేలా ఎవరు చెప్పుకుంటారయ్యా గుండె మాట? నన్ను చూడు, చెవులున్నట్టు కనపడను కూడా. అయినా ఈ శాలలో ఎక్కువ విన్నది నేనే."

చౌడప్ప మూట మళ్లీ కట్టేశాడు. తర్వాత లేచాడు. చెప్పులు విప్పాడు. అందరూ నోళ్లు తెరుచుకు చూస్తుండగా, ఆచారం గట్టున పెట్టి, దేవలయ్య గుంటలోకి దిగి అతని కుడిపక్కన కూర్చున్నాడు.

"దేవలయ్యా, ఎలా ఉన్నావు?"

దేవలయ్య తలెత్తకుండా నేస్తూనే ఉన్నాడు. చౌడప్ప నాలుక దురద పెట్టింది, సలహా చెప్పాలని. పళ్ల మధ్య బిగించి పట్టాడు. నాడె అటు వెళ్లింది, ఇటు వచ్చింది. చాలాసేపటికి దేవలయ్య చేయి ఆగింది.

"ఎడమ పక్కకి విసిరినప్పుడల్లా, ఆ చేయి అందుకుంటుందని ఆగుతానయ్యగారూ. రెప్పపాటే. అందుకోదని తెలుసు. అయినా ఆగుతాను. ఆ రెప్పపాటులోనే దారం వదులైపోతుంది."

చౌడప్పకి కళ్లు చెమ్మగిల్లాయి. ఎడమ పక్కన ఇంకొకర్ని కూర్చోబెడతానని అనబోయాడు. అనలేదు. "ఏం చేద్దామంటావు?" అని మాత్రం అడిగాడు.

దేవలయ్య ఆలోచించాడు. "ఆ చోట ఎవర్నీ కూర్చోబెట్టకండి. నాడె అటు వెళ్లినప్పుడల్లా 'పుల్లీ' అని పిలుస్తాను. నోరు పిలుస్తుంటే, చేయి ఆగక్కర్లేదు."

చిక్ చిక్, అని పలికింది గోడ మీద బల్లి.

ఆ రోజు నుంచి దేవలయ్య మగ్గం వింత పాట పాడింది. టక, పుల్లీ! టక, పుల్లీ! ఎవరూ నవ్వలేదు. చౌడప్ప రోజూ కాసేపు వచ్చి, ఖాళీ చోటు వదిలి, దాని అవతల గట్టున కూర్చునేవాడు.

మూడో దుప్పటి ఎడమ అంచుని రాజు వేళ్లతో నిమిరి చూశాడు. ఒక్క ముడత లేదు. "ఏం నేర్పావయ్యా?"

"నేర్పలేదు ప్రభూ. గుంటలో కూర్చున్నాను."

రాజు నవ్వి, దేవలయ్య మగ్గం దేవలయ్యకే ఉంచాడు. మర్నాడు మధ్యాహ్నం చౌడప్ప గద్దె మీద మూట విప్పబోతుంటే, కింద నుంచి ఒక కేక వినపడింది.

"బావా! అక్కడొక్కడివే ఏం తింటావు? మూట పట్టుకుని కిందికి రా!"

నీతి: తోటివాడి చేతిలో పని చెడుతుంటే, ముందు పక్కన కూర్చుని విను, దారి అతనే చెబుతాడు.