పెయ్యదూడ ముందు పులిజూదం

చంద్రవంక సంస్థానాన్ని ఏలే మల్లభూపతికి ఒకరోజు పొద్దున్నే పట్టుదల పుట్టుకొచ్చింది.

"మా రాణిగారి పెయ్యదూడ సాయంత్రానికల్లా నా వెనకాలే నడవాలి. మామగారు వస్తున్నారు. ఆయన కళ్లారా చూడాలి!"

రాజుగారి ముచ్చట్లు అలాగే ఉంటాయి మరి. కాదనేవాడెవడు?

పెయ్య పేరు కుంకుమ. రాణి కోనమాంబ దాన్ని పుట్టింటి మందలోంచి ఈమధ్యే తెప్పించుకుంది. తల్లినీ, అలవాటైన దొడ్డినీ వదిలి వచ్చిందేమో, ఆకు కదిలినా అదిరిపడేది. దానికి తోడు రాజుగారు దాన్ని పలకరించడానికి వెళ్లే తీరు చూడాలి! ముందు వందిమాగధులు "బహుపరాక్! బహుపరాక్!" అని గొంతు చించుకుంటారు. పక్కన వింజామరలు, వెనక గొడుగు, ఆ వెనక కొమ్ముబూర. పాపం, దూడ తోకెత్తి పారిపోక ఏం చేస్తుంది?

"జనమంతా నన్ను చూడాలని ఎగబడతారే, ఇదేమిటయ్యా ఇలా పరిగెడుతుంది?" అని రాజుగారికి లోపల చిన్నతనం.

అశ్వశాల అధికారి భీమోజి ముందుకొచ్చాడు. ఆయన ఎక్కడికి వచ్చినా మీసం ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.

"ప్రభూ, పొగరుబోతు గుర్రాలనే దారికి తెచ్చినవాణ్ణి, ఈ పెయ్య నాకో లెక్కా! మధ్యాహ్నం నగారా మోగగానే ముక్కు కుట్టి తాడు వేసేస్తాను. సాయంత్రం మీరు ఎటు లాగితే అటు వస్తుంది."

"అంత లేత ముక్కుకా!" అంది రాణి. కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజుగారికీ మనసొప్పలేదు. కానీ మామగారి ఎదుట దూడ తనను చూసి పారిపోతే పరువేం కాను?

అప్పుడు లేచాడు తిప్పన. ఆస్థానంలో ఆయన ఉద్యోగమేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాజుగారిని నవ్విస్తాడు, అప్పుడప్పుడూ కాస్త ఏడిపిస్తాడు.

"నగారా మోగేలోగా ఆ పెయ్య తనంతట తానే వచ్చి ప్రభువుల చెయ్యి నాకుతుంది. నాకితే ముక్కుతాడు మాట ఇంకెవరూ ఎత్తకూడదు."

"నాకకపోతే?" భీమోజి మీసం మెలేశాడు. "దాని తల కదలకుండా నువ్వే పట్టుకోవాలి. నేను ముక్కు కుడతాను."

దూడలంటే తిప్పనకు ప్రాణం. అయినా సరేనన్నాడు.

దొడ్డి దగ్గరకు వెళ్లగానే తిప్పన వందిమాగధుల్ని బయటే ఆపేశాడు. గొడుగూ బూరా వద్దన్నాడు. ఎండగా ఉందని చెప్పి రాజుగారి కిరీటం కూడా తీయించాడు. రాణి, భీమోజి తడిక అవతల నిలబడ్డారు.

కుంకుమ ఒక మూల నక్కి ఉంది. దానికి వీపు పెట్టి రాజుగారిని నేలమీద కూర్చోబెట్టాడు తిప్పన. పుల్లతో మట్టిలో గీతలు గీశాడు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు తీశాడు. పులిజూదం! ఆ ఆట కనబడితే రాజుగారికి అన్నం నీళ్లు కూడా గుర్తుకు రావు.

"ఇప్పుడు ఆటేమిటయ్యా? దూడ సంగతో?"

"దానికి తొందరేముంది ప్రభూ? ముందు మీ పులిని చూసుకోండి. నా మేకలు దారి కట్టేస్తున్నాయి."

"ఏదీ? ఎక్కడ?" రాజుగారు గీతల మీదికి వంగిపోయారు.

తడిక అవతల భీమోజి దబ్బనం తీసి పదును చూసుకుంటున్నాడు. "ఆటలతోనే పొద్దు పుచ్చుతున్నాడమ్మా!" అన్నాడు.

కుంకుమ చెవులు రిక్కించింది. అరిచేవాళ్లు లేరు, వెంటపడేవాళ్లు లేరు. ఎవరూ తనవంక చూడనైనా చూడట్లేదే! ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది.

"మేక దొరికింది!" రాజుగారు తొడ చరిచారు.

దూడ ఎగిరి మళ్లీ మూలకు పోయింది. ఇలా కాదనుకుని, తిప్పన గబగబా చింతగింజలు జరిపి పులిని అన్ని వైపులా బిగించేశాడు. రాజుగారు చెయ్యి వెనక్కి ఆనించి, గుడ్లప్పగించి, ఆలోచనలో మునిగిపోయారు. ఇక ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నగారా కొట్టేవాడు బురుజు మెట్లు ఎక్కుతున్నాడు. కుంకుమ మళ్లీ వచ్చింది. రాజుగారి ఉత్తరీయం వాసన చూసి, కొస నమలడం మొదలెట్టింది.

"ఎవరయ్యా లాగేది? ఉండు, ఆలోచిస్తున్నాను!" రాజుగారు విసుక్కున్నారు.

వెనక్కి ఆనించిన చేతిమీద తడిగా, గరుగ్గా నాలుక తగిలింది. చెమట ఉప్పగా ఉందేమో, మళ్లీ నాకింది. రాజుగారు తల తిప్పబోయారు.

"వద్దు ప్రభూ, చూడకండి," గుసగుసగా అన్నాడు తిప్పన. "అరచెయ్యి తెరిచి ఉంచండి, చాలు."

కుంకుమ రాజుగారి వేళ్లు నోట్లోకి తీసుకుని చప్పరించసాగింది. అంత రాజుగారికీ కళ్లు చెమర్చాయి.

ధన్‌మని నగారా మోగింది! దూడ ఉలిక్కిపడింది. అయితే మూలకు పరిగెత్తలేదు. రాజుగారి చంకలోకి దూరింది.

"ఏం మంత్రం వేశావయ్యా?" ఊపిరి బిగబట్టి అడిగారు రాజుగారు.

"నేనేమీ చెయ్యలేదు ప్రభూ. మిమ్మల్నీ ఏమీ చెయ్యనివ్వలేదు. ప్రాణం మీదికొచ్చింది ఆ రెండోదే!"

రాజుగారికి నవ్వు పొంగుకొచ్చింది. పైకి నవ్వితే దూడ బెదురుతుందని పెదాలు బిగబట్టారు, పొట్ట మాత్రం ఎగిరెగిరి పడింది. రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో ఇంకా నీళ్లున్నాయి, కానీ అవి నవ్వీ నవ్వీ వచ్చినవి.

లేస్తే దూడ కదులుతుంది. అందుకని రాజుగారు కూర్చున్నచోటే బంగారు కడియం తీశారు.

"భీమోజీ, ఇది తిప్పన చేతికి నువ్వే తొడుగు. మెల్లగా రావయ్యా, చెప్పులు విడిచి రా!"

భీమోజి దబ్బనం తడికలో గుచ్చేసి, చెప్పులు విడిచి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు.