అనుమానపు కంప్యూటరు, అమ్మవారి చీర

శ్రావణమాసం రెండో గురువారం, మధ్యాహ్నం సరిగ్గా రెండూ పదికి కొప్పరపు వారింట్లో ఈ విడ్డూరం మొదలైంది. "మన ఇంట్లో తెలివి అటక మీద కూడా ఉంటుంది" అని అనసూయమ్మ తరచూ అనేది. కొడుకు వీరభద్రం, కోడలు నాంచారి అటక వైపు చూసి మరీ తలూపేవారు.

వాళ్ళింట కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ మిషనుంది. మర్నాడు శుక్రవారం అమ్మవారికి తామరపూల చీర కట్టిస్తానని అనసూయమ్మ మొక్కు. ఆ పూలు కుట్టే ప్రోగ్రామును మిషను అమ్మిన సుదర్శనం పంపాడు. తీరా తెరవబోతే యాంటీవైరస్ అడ్డుపడింది: "ఎవరిదో తెలియదు. అనుమానంగా ఉంది. ఆపేశాను."

అంతే, అందరూ కంగారుగా సుదర్శనానికి ఫోను చేశారు.

"అది మాదేనండీ. మంచిదని దానికి చెప్పండి, చాలు."

అనసూయమ్మ తెర ముందు పీట వేసుకుని కూర్చుంది. "నాయనా, సుదర్శనం బుద్ధిమంతుడు. వాళ్ళమ్మ ఏకాదశి ఉపవాసాలుంటుంది" అని అరగంట నచ్చజెప్పింది. అది వింటేగా!

"మొండిఘటం, అత్తయ్యా!" అంది నాంచారి.

మళ్ళీ ఫోను. "అయ్యో, నమ్మినవాళ్ళ జాబితాలో మా పేరు రాయండి!"

ఇంకేముంది, వీరభద్రం సుద్దముక్కతో వీధి తలుపు మీద సుదర్శనం పేరు రాశాడు. నొచ్చుకుంటారని మేనమామ పేరూ, పాలవాడి పేరూ కూడా రాశాడు.

మూడోసారి ఫోను. "పోనీ, కాసేపు దాన్ని ఆపండి బాబూ!"

వీరభద్రం మెయిన్ స్విచ్చి లాగేశాడు. ఫ్యానుతో సహా ఇల్లంతా ఆగింది.

"నేనే వస్తున్నా. కంప్యూటర్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి!" అని ఫోనులో అరిచాడు సుదర్శనం.

సుదర్శనం రొప్పుతూ వచ్చేసరికి నాంచారి చీపురు అడ్డంపెట్టింది. "మీరే అన్నారుగా అన్నయ్యగారూ, ఎవర్నీ అని!"

పాపం, ఆయన గుమ్మంలో నిలబడే స్విచ్చి వేయించి, ఏ మీట నొక్కాలో ఒక్కొక్కటీ చెప్పాడు. దీపాలు పెట్టే వేళకు చీర మీద మొదటి తామర విచ్చుకుంది. అనసూయమ్మ కళ్ళొత్తుకుంది.

"పిన్నిగారూ, నేను చెప్పేదాకా చీరను మిషను మీంచి తీయకండి" అని సుదర్శనం బస్సుకు పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున్నే పూలన్నీ పూర్తయ్యాయి. అలంకారానికి వేళవుతోందని పూజారి కబురంపాడు. సుదర్శనం ఫోను మోగి మోగి ఆగిపోయింది. మొక్కు తప్పకూడదు, చెప్పిన మాటా దాటకూడదు. అంతే, చీరను తీయకుండా మిషనూ కంప్యూటరూ బండికెత్తించి, గుళ్ళో అమ్మవారి ఎదుట దించారు.

పూజారి నోరు తెరిచాడు. "ఇదేమిటమ్మా?"

"చీర తీయొద్దన్నారు పంతులుగారూ" అంది అనసూయమ్మ, లెంపలు వేసుకుంటూ. "తల్లినే కాస్త ఇటు జరగమనండి."