సున్నా వేసిన గడి

గుమ్మడివాడ మండలంలో గౌరునాయుడు అనే విద్యాధికారి ఉండేవాడు. దేన్నైనా పక్కదానితో పోల్చి వరసలో నిలబెట్టనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఇంట్లో రెండు మామిడిపళ్లు కోస్తే, ఏది ఫస్టో ఏది సెకండో తేల్చాకే తినేవాడు.

మండలంలో ఇరవై ఆరు ప్రాథమిక బడులు ఉండేవి. ఏటా ఐదో తరగతి పిల్లల చేత పాఠం చదివించి, తడబడకుండా చదివినవారిని లెక్కపెట్టి, ఆఫీసు నల్లబల్ల మీద ర్యాంకులు రాసేవాడు. మొదటి బడి పేరు ఆకుపచ్చ సుద్దతో, చివరి బడి పేరు ఎర్ర సుద్దతో. మూడేళ్లుగా ఆకుపచ్చ పేరు రేగిడిపాలెం, ఎర్ర పేరు మెట్టగూడ.

మెట్టగూడ గుట్ట మీది చిన్న ఊరు. ఆ బడిలో ఉన్నవి ఒకటి, రెండు తరగతులే. పద్నాలుగు మంది పిల్లలు, వరాలమ్మ అనే ఒక్క టీచరు. గంట లేక, అరిగిపోయిన నాగలి కర్రును వేలాడగట్టి మోగించేవారు.

ఆ ఏడు మెట్టగూడ బడిని మూసేసి రేగిడిపాలెంలో కలపాలని గౌరునాయుడు కాగితం సిద్ధం చేశాడు. సంగతి తెలిసి వరాలమ్మ పరుగున వచ్చింది.

"సార్, రెండు ఊళ్లకీ మధ్య వాగుంది. మూడో తరగతికొచ్చిన పిల్లలు ఎలాగో దాటిపోతున్నారు. ఆరేళ్ల పసివాళ్లు దాటలేరండి. చదువు మానేస్తారు."

"చివరి ర్యాంకు బడిని ఎలా ఉంచమంటావమ్మా?"

"మాకు ఐదో తరగతే లేదు కదండీ! ర్యాంకెలా వేశారు?"

"గడి ఖాళీగా ఉంటే పట్టిక బాగుండదు. సున్నా వేశాను."

"మా ఇంట్లో ఏనుగు లేదండి. దాని బరువు కూడా సున్నా అని రాసుకోండి" అంది వరాలమ్మ.

గౌరునాయుడి ముఖం ఎర్రబడింది. "రేపు బహుమతుల సభ అవగానే సంతకం పెడతాను" అన్నాడు.

సభ రేగిడిపాలెం బడిలోనే జరిగింది. టీచర్లందరూ వచ్చారు. బల్ల మీద మొదటి బడికిచ్చే కొత్త ఇత్తడి గంట మెరుస్తోంది. గౌరునాయుడి జేబులో ఆ కాగితం ఉంది.

ఐదో తరగతి నుంచి నూకరత్నం అనే పిల్ల వేదికెక్కి, కొత్త పాఠాన్ని గుక్క తిప్పుకోకుండా చదివేసింది. గౌరునాయుడు మురిసిపోయాడు.

"భేష్! ఇంత బాగా చదవడం ఎవరు నేర్పారమ్మా?"

హెడ్మాస్టరు అప్పలనరసయ్య చొక్కా సర్దుకున్నాడు. ఆ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ వరాలమ్మను చూపించింది. "మా గుట్ట మీది టీచరండి. నేను అక్కడే అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకున్నాను."

గౌరునాయుడు ఉలిక్కిపడ్డాడు. "తడబడకుండా చదివినవాళ్లలో గుట్ట మీంచి వచ్చినవాళ్లు ఇంకెవరు? చేతులెత్తండి."

అలా చదివిన పదకొండు మందిలో, నూకరత్నంతో కలిపి, తొమ్మిది చేతులు లేచాయి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. తొమ్మిదే.

అప్పలనరసయ్య పెద్దగా నవ్వేశాడు. "దాచుకుంటే దాగుతుందా సార్! గోడ కట్టింది ఆవిడ, సున్నం కొట్టింది మేము. ఆ గంట మెట్టగూడకే ఇచ్చేయండి. మాకు ఉన్న గంటే చెవులకు చిల్లులు పొడుస్తోంది."

పిల్లలు ఈలలు వేశారు. గౌరునాయుడు జేబులోని కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఇత్తడి గంటను తన చేతులతోనే తెచ్చి వరాలమ్మకు ఇచ్చాడు. "అమ్మా, సున్నా రావలసింది నా పట్టికకు" అన్నాడు.

"పోనీలెండి సార్, మా రెండో తరగతిలో కూర్చుంటే నేర్పుతాను" అంది వరాలమ్మ. అందరికంటే గట్టిగా నవ్వింది గౌరునాయుడే.

మర్నాడు పొద్దున్న గుట్ట మీద మోగిన గంట వాగు ఇవతలి దాకా వినిపించింది. నల్లబల్ల మీద ఎర్ర సుద్ద మళ్లీ కనిపించలేదు. పట్టికలో కొత్త గడి ఒకటి చేరింది: "మొదట నేర్పిన బడి."

నీతి: పంటను చూసి పొలాలను పోల్చేవాడు, నారు పోసిన మడిని ముందు చూడాలి.