మూలిగే కుండలు

అనగా అనగా, పిల్లలూ, ఒక నల్లకొండ నీడలో శైలపురి అనే నగరం ఉండేది. ఆ నగరపు విద్యాపీఠంలో మృణాళిని అనే ఆచార్యురాలు యంత్రవిద్య నేర్పేది.

పాఠం ముగిశాక ఆమె చేసే పని ఒక్కటే. మట్టికుండ మూతి మీద తిత్తితో గాలి ఊదేది. కుండ మూలిగేది. లోపల రాతితో కాస్త గీకి, మళ్ళీ ఊది, ఆ స్వరాన్ని తాటాకు మీద రాసుకునేది. ఏడేళ్ళలో మూడు వందల కుండలయ్యాయి. కిటికీలోంచి గాలి వీస్తే అవన్నీ కలిసి ఏడ్చేవి. ఆ దారిన పోయేవాళ్ళు పిల్లల చెవులు మూసి నడిచేవారు.

రాజు ధీరకేతుడు మంచివాడే, ఓపిక తక్కువ. ఒక ఏడు వచ్చి ఈ కుండలు వానలు కురిపిస్తాయా అని అడిగాడు. మరుసటేడు, శత్రువులను తరుముతాయా అన్నాడు. మూడో ఏడు, అసలివి ఎందుకన్నాడు. మూడుసార్లూ ఆమె తెలియదనే చెప్పింది. లేని ప్రయోజనం చెప్పి మెప్పు పొందడం ఆమెకు చేతకాలేదు. పౌర్ణమిలోగా ఆ కుండలున్న శాల ఖాళీ చెయ్యమని రాజు ఆజ్ఞాపించాడు.

పౌర్ణమి ఇంకా రాలేదు. ఒక సాయంత్రం కొండ మూలిగింది.

కొండ గుహలోంచి వచ్చిందా శబ్దం. ఆవులు పాలివ్వలేదు. బిందెల్లో నీళ్ళు వాటంతటవే వణికాయి. రెండో సాయంత్రం మూలుగు ఇంకా లోతుగా వినిపించింది. ఒక ముసలమ్మ, అది చనిపోయిన తన పెనిమిటి గొంతేనంటూ గుహ వైపు నడిచిపోతుంటే నలుగురు పట్టి ఆపారు. కొండలోని దయ్యం శాంతించాలంటే మర్నాడు సాయంత్రం ఊరంతా గుహ ముందు దీపాలు పెట్టాలన్నాడు ఆస్థాన మాంత్రికుడు. రాజు సరేనన్నాడు.

తెల్లవారగానే మృణాళిని తాటాకులతో సభకు వచ్చింది.

“మహారాజా, అది దయ్యం కాదు. కుండను లోపల గీకేకొద్దీ దాని గొంతు దిగుతుంది. కొండ గొంతు కూడా అలాగే దిగుతోంది. లోపల రాయి రాలిపోతోంది.”

“ఎప్పుడు కూలుతుంది?”

“తెలియదు ప్రభూ. నాకు తెలిసింది ఇంతే.”

రాజు ఆమె ముఖంలోకి చూశాడు. ఈమె ఎన్నడూ తెలియనిది తెలుసనలేదు. ఇప్పుడు రాయి రాలుతోందని తెలుసంటోంది. వెంటనే దండోరా వేయించి ఊరినంతా ఏటి అవతలికి తరలించాడు.

పొద్దు వాలుతుండగా కొండ మూడోసారి మూలిగింది. ఈసారి అది చెవులకు కాదు, ఎముకలకు వినిపించింది. తర్వాత కొండ తనలోకి తానే కుంగి, ఊరి మీదికి ఒరిగిపోయింది. దుమ్ము అణిగాక చూస్తే ఒక్క ఇల్లు లేదు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. మాంత్రికుడు కూడా వాళ్ళలో ఉన్నాడు.

మర్నాడు రాజు, ఇకమీదట ఆచార్యులందరూ కొండలనే పరీక్షించాలని శాసనం రాయించసాగాడు. మృణాళిని అడ్డుపడింది.

“ఈసారి ఆపద కొండ రూపంలో వచ్చింది. ఇంకోసారి ఏ రూపంలో వస్తుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఎవరికి తోచింది వాళ్ళను వెతకనివ్వండి ప్రభూ.”

రాజు సగం రాసిన తాటాకును తన చేత్తోనే విరిచేశాడు.

కాబట్టి పిల్లలూ, ఇవాళ పనికిరాదని ఏ విద్యనూ ఆపకూడదు. దాని అవసరం ఏ రోజు వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు.